మంగళవాడ లెఫ్టినెంటమ్మ

1999 ఏప్రిల్ 11, ఆదివారం. తుమకూరు హాస్టలు

దాసమ్మ పేపరు ముక్క ఒకటి కత్తిరించుకొని వచ్చి నా మంచం మీద కూర్చుంది. మా ఇద్దరిదీ ఒకే గది, ఒకే పావగడ తాలూకా. దానిది తిరుమణి, నాది మంగళవాడ. నర్సింగు స్కూల్లో చేరిన మొదటి రోజు ఇంటి మీద బెంగతో ఏడ్చినప్పుడు కూడా ఒకే కుళాయి పక్కన నిలబడి ఏడ్చాం.

మిలిటరీ ఆసుపత్రులకు నర్సులు కావాలట. చివరి సంవత్సరం చదివేవాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు, ప్యాసయ్యాక చేర్చుకుంటారు. పెళ్లి అయి ఉండకూడదు. చేరిన రోజు నుంచే లెఫ్టినెంటు అంటారట.

"లెఫ్టినెంట్ దాసమ్మ" అని దాసమ్మ అద్దం ముందు నిలబడి అనుకుంది. తర్వాత నన్ను లాగి నిలబెట్టి "లెఫ్టినెంట్ సంజీవమ్మ" అంది. ఇద్దరం మంచం మీద పడి కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం. వార్డెను వచ్చి తలుపు కొట్టి, చివరి ఏడాది పరీక్షలు పెట్టుకొని నవ్వేవాళ్లను ఇక్కడే చూస్తున్నానంది.

నేనూ పెట్టాను దరఖాస్తు. దాసమ్మకు తోడుగా. అంతే.

ఏప్రిల్ 14

ప్రకటనలో ఇంత ఎత్తు ఉండాలని ఉంది. పిల్లల వార్డులో ఎత్తు కొలిచే బద్ద దగ్గర నిలబడి చూసుకున్నాను. వెంట్రుక వాసి తక్కువగా ఉన్నట్టుంది. దాసమ్మ కొలిస్తే సరిపోయింది. సిస్టర్ కొలిస్తే మళ్లీ తక్కువ. ఆ బద్ద వంకరగా ఉందని నా అభిప్రాయం.

ఏప్రిల్ 18

బట్టలారేసుకునే ఇనుప కడ్డీ పట్టుకొని వేలాడుతున్నాను, పొద్దునా సాయంత్రం. ఎత్తు పెరగడానికి కాదు. నడుం నొప్పికి మంచిదట.

మే 2

సెలవుకు ఊరికొచ్చాను. మంగళవాడలో ఎండకు రాళ్లు కూడా మాడిపోతున్నాయి. నాయన రెండు బోర్లూ ఎండిపోయాయి. శెనక్కాయల విత్తనం గోతాల్లో సిద్ధంగా ఉంది, వాన ఒకటే రాలేదు. నాయన పొద్దున లేవగానే ఆకాశం వైపు చూసి, ఎవరో పరిచయం లేని మనిషిని చూసినట్టు తల తిప్పుకుంటాడు.

అమ్మకు దరఖాస్తు సంగతి చెప్పలేదు. చెప్పాల్సినంత విషయం కాదు. దాసమ్మకు తోడుగా పెట్టింది కదా.

ఓబన్న బావ వచ్చాడు. బోరన్న మామ కొడుకు. అమ్మకు స్వయానా మేనల్లుడు. బోర్లు వేసే లారీ మీద పని చేస్తాడు, ఒళ్లంతా తెల్ల దుమ్ము, పళ్లు ఇంకా తెల్లగా. నన్ను చూసి "ఏం మే, పొడుగైనట్లుండావే" అన్నాడు.

బావ గురించి ఈ పుస్తకంలో రాయను. రాయడానికేమీ లేదు.

పొడుగైనట్టున్నానన్నాడు.

మే 21

ఇంటర్వ్యూకి రమ్మని కబురు. నాకు, దాసమ్మకు, ఇద్దరికీ! హాస్టలు మెట్లు రెండేసి చొప్పున దిగాను, ఎక్కాను, మళ్లీ దిగాను. ఎందుకు దిగానో తెలీదు.

మే 26, బుధవారం. బెంగుళూరు

అక్షరాలు వంకరపోతున్నాయి. నవ్వు వల్ల.

వరండాలో మాలాంటి అమ్మాయిలు బారులు తీరి కూర్చున్నారు. కేరళ అమ్మాయిలే ఎక్కువ. అందరూ బైబిలు చదువుతున్నట్టు పెదవులు కదుపుతూ ఏవో అనుకుంటున్నారు. దాసమ్మ ముందు వెళ్లి వచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

లోపల ముగ్గురు. మధ్యలో ఒక పెద్దావిడ, తెల్ల జుట్టు, భుజాల మీద నక్షత్రాలు. గుండె జబ్బులో ఇచ్చే మందుల గురించి అడిగారు, చెప్పాను. కాలిన ఒళ్లు గురించి అడిగారు, చెప్పాను. నా ఇంగ్లీషు బోరు లారీలాగా గడగడమని చప్పుడు చేస్తూ నడిచింది, కానీ నడిచింది. అప్పుడా పెద్దావిడ "పావగడ పేరు వినలేదు. అక్కడ ఏం ప్రసిద్ధి?" అని అడిగింది.

"శనిదేవుడు, మేడం" అన్నాను. నోటికి అదే వచ్చింది. "శని గుడి ఉంది. శెనక్కాయలున్నాయి. నీళ్లు లేవు."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. "మరి శని ఉన్న ఊరి నుంచి మిలిటరీకి వస్తే మా గతేంటి?" అందావిడ.

"శని మా ఊళ్లోనే ఉంటాడు మేడం, నేనొక్కదాన్నే వస్తాను."

ఆవిడ నవ్వింది. నక్షత్రాలున్న భుజాలు కదిలేలా నవ్వింది. తర్వాత ముఖం సర్దుకొని, మిలిటరీ ఎందుకని అడిగింది. దాసమ్మకు తోడుగా వచ్చానని చెప్పాలి కదా, నిజం అదే కదా. కానీ నేను చెప్పింది వేరు. "నాకు ఈ పని బాగా చేయాలనుంది మేడం. బాగా చేసేవాళ్లు ఎక్కడున్నారో అక్కడ నేర్చుకోవాలనుంది" అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. నేనేనా అన్నది అని గది బయటికొచ్చాక కూడా ఆలోచించాను.

మసాలా దోసె తిన్నాం. దాసమ్మ సగం వదిలేసింది. నేను దానిది కూడా తిన్నాను.

మే 29

పేపరు నిండా కార్గిల్. కొండలు, మంచు, ఫిరంగులు. నిన్న హెలికాప్టరు కూడా కూలిందట. మెడికల్ వార్డు టీవీ ముందు రోగులూ, రోగుల చుట్టాలూ, మేమూ అందరం నిలబడిపోయాం. సిస్టర్ కూడా మమ్మల్ని తరమలేదు.

జూన్ 14

నాకు వైద్య పరీక్షకు రమ్మని వచ్చింది.

దాసమ్మకు రాలేదు.

జూన్ 15

నిన్న ఎక్కువ రాయలేకపోయాను. కబురు తెలిసినప్పుడు దాసమ్మ "పోనీలే, నాకు చలి పడదు" అని స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పింది. ఈ ఎండల్లో మాకు బకెట్టు నీళ్లే లెక్క. ఆ కుళాయి చాలాసేపు పారింది. ఎవరూ ఏమీ అనలేదు. బయటికొచ్చి, కళ్లు తుడుచుకొని, నా తెల్ల చీర తీసుకుపోయి ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది.

"నేను పోను దాసీ. నీకు తోడుగానే కదా పెట్టింది" అన్నాను.

ఇస్త్రీ పెట్టె ఎత్తి పట్టుకొని నా వైపు చూసింది. "కడ్డీ పట్టుకొని గబ్బిలం మాదిరి యాలాడినావే, అదీ నాకు తోడుగానేనా" అంది. "అబద్ధాలు చెప్పాకు, కొంగు అట్ల పట్టుకో, ముడతలు పోవల్ల."

కొంగు పట్టుకున్నాను.

సరే. నాకు కావాలి. ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నాకు చాలా కావాలి. అన్నం తినేటప్పుడు కావాలి, బెడ్‌పాన్లు కడిగేటప్పుడు కావాలి.

జూన్ 17. మంగళవాడ

మా బ్యాచికి నెలన్నర గ్రామీణ పోస్టింగ్. నన్ను మా ఊరి దగ్గర ఆరోగ్య కేంద్రానికే వేశారు, ఇంట్లోనే ఉండొచ్చు. రాగానే ఇంట్లో చెప్పేశాను.

నాయన కాసేపు గడ్డం గోక్కొని, "తుపాకీ ఇస్తారా" అని అడిగాడు. ఇవ్వరని చెప్పాను. కొంచెం నిరాశపడినట్టు కనిపించాడు. కెంచమ్మవ్వ, నాయనకు తల్లి, "మిలిటరీలో రొట్టె పెడతారంట, అన్నం ఉండదంట, ఎట్ల బతుకుతావు" అంది.

అమ్మ ఏమీ అనలేదు. సంగటి కెలికే కట్టె పొయ్యి పక్కన పెట్టి లోపలికి పోయింది.

జూన్ 20

అమ్మ మాట్లాడడం లేదు. పంచాయతీ టీవీ దగ్గర నిన్న జెండా కప్పిన పెట్టెల్ని చూసి వచ్చిందట. కంచంలో అన్నం పెడుతుంది, తల దువ్వుతుంది, పక్క వేస్తుంది. మాట ఒక్కటే లేదు.

రెండు రోజుల్లో సరవుతుంది.

జూన్ 24

రెండు రోజుల్లో సరవుతుంది.

జూన్ 29. బెంగుళూరు నుంచి వచ్చే బస్సులో, కుదుపుల్లో రాస్తున్నాను

ఎత్తు సరిపోయింది! నెత్తి మీద పెద్ద కొప్పు వేసుకొని వెళ్లాను. ఎత్తు కొలిచే సిస్టర్ నా తెలివి చూసి చిరునవ్వుతో కొప్పు విప్పించి, పలక దించి నెత్తి మీద గట్టిగా నొక్కింది. నేను ఊపిరి బిగబట్టి, మెడ సాచి, కళ్లు మూసుకొని, శనిదేవుడికి నూనె మొక్కుకొన్నాను. సరిపోయింది. కొప్పు లేకుండానే. ఇక ఆ పిల్లల వార్డు బద్దను తీసుకెళ్లి పారేయాలి.

గంతులు వేస్తూ మిలిటరీ ఆసుపత్రి వరండాలోకొచ్చాను. అక్కడ రెండు కడ్డీల మధ్య ఒకబ్బాయి నడక నేర్చుకుంటున్నాడు. నా ఈడు ఉంటుంది. పైజామా ఒక కాలు మోకాలి కింద మడిచి పిన్ను పెట్టి ఉంది. చేతి కర్ర జారింది. నేను పరుగెత్తి పోయి పట్టుకున్నాను. సిగ్గుపడి ఏదో తెలుగులో గొణిగానేమో, తెలుగులోనే జవాబొచ్చింది. కడప వైపు యాస.

"సిస్టర్, పట్టుకోవద్దు. పడితే లేపండి. పడకముందే పట్టుకుంటే నేను నడిచేది ఎప్పుడు?"

చెయ్యి తీసేశాను. అతను చెమటలు కారుస్తూ అటు చివరికి పోయి, తిరిగి, ఇటొచ్చాడు. పోయిన చలికాలం మంచులో మందుపాతర మీద కాలు వేశాడట. "మీరు కొత్తగా వచ్చినారా?" అని అడిగాడు. ఇంకా రాలేదు, చదువుకుంటున్నానని చెప్పాను. "తొందరగా రాండి. ఇక్కడ సిస్టర్లకు నిద్ర లేదు" అన్నాడు.

బస్సు కిటికీలోంచి గాలి ముఖానికి కొడుతోంది. ఇన్నాళ్లూ నాకు కావాల్సింది ఆ భుజం మీద నక్షత్రమేమో అని నాకే అనుమానంగా ఉండేది. ఇప్పుడు లేదు. పాటలు పాడాలనిపిస్తోంది. పక్కన మేకపిల్లతో కూర్చున్న ముసలాయన నన్ను వింతగా చూస్తున్నాడు, కాబట్టి పాడను.

జూలై 6

ఊరంతా తెలిసిపోయింది. ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేయించుకోవడానికి వచ్చినవాళ్లు "మిలిటరీ సంజీవమ్మతో వేయించుకుంటాం" అంటున్నారు. సూది గట్టిగా గుచ్చుతానని భయం, అయినా నా వరసలోనే నిలబడతారు. మా వీధి హనుమక్క తన కోడలికి కాన్పయ్యేదాకా పోవద్దంటుంది.

బావ లారీ మీద నుంచి పెద్దగా సెల్యూట్ కొట్టాడు. లారీ ఆపకుండానే.

జూలై 9

నాయన పొలంలో మూడో బోరు వేయిస్తాడట. బావ వాళ్ల లారీయే. బుధవారం.

జూలై 14

బావ బాగున్నాడు. రేపు రాస్తాను.

జూలై 15

రాయలేను.

జూలై 17

ఇప్పుడు రాస్తాను.

బుధవారం మధ్యాహ్నం. నేను, అమ్మ, పొలానికి అన్నం తీసుకెళ్లాం. బోరులోంచి తెల్ల దుమ్ము తప్ప ఏమీ రావడం లేదు. చప్పుడులో ఎవరి మాటా వినపడదు. ఇనుప పైపు ఎత్తుతుంటే జారింది. బావ ఎడమ చెయ్యి దాని కింద ఉంది.

అరుపు వినలేదు. చప్పుడు ఆగిపోవడమే విన్నాను. తర్వాత చూస్తే బావ నేల మీద కూర్చొని తన చెయ్యి వైపు, అది ఎవరిదో అన్నట్టు చూస్తున్నాడు. రక్తం ఆ తెల్ల దుమ్ములో పడి చాలా ఎర్రగా ఉంది.

ఆ తర్వాత నాకు భయం వేసినట్టు జ్ఞాపకం లేదు. నా చేతులకు ఏం చేయాలో తెలుసు, నేను వాటి వెంట పోయాను. అన్నం గంపకు కట్టిన ఉతికిన పంచె విప్పి, మడిచి, గాయం మీద పెట్టి నొక్కాను. పడుకోబెట్టించాను. బోరన్న మామ తల బాదుకుంటూ పసుపు తెండి, సున్నం తెండి అంటున్నాడు. "ఏమీ పూయొద్దు మామా. లారీ తిప్పించు" అన్నాను. మామ మీద నేను ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఆయన పరుగెత్తి పోయి లారీ తిప్పించాడు.

లారీ వెనకాల నేను నొక్కి పట్టుకుని కూర్చున్నాను. అమ్మ కూడా ఎక్కింది. "అమా, ఈ చెయ్యి ఇట్ల పైకెత్తి పట్టుకో. దించాకు" అని చెప్పాను. అమ్మ పట్టుకుంది. మాట్లాడలేదు. పావగడ దాకా ఆ గుంతల దారిలో ఒక్కసారి కూడా దించలేదు. బావ తెల్లబడిపోతున్నాడు. మాటల్లో పెట్టాలని "బావా, నిద్రపోవద్దు, ఏదన్నా చెప్పు" అన్నాను.

"ఏం చెప్పేది మే" అన్నాడు. "నీళ్లు పడలేదు కదా" అన్నాడు.

పావగడ ఆసుపత్రిలో డాక్టరు చూసి, చెయ్యి నిలుస్తుందన్నారు. చిటికెన వేలూ దాని పక్క వేలూ తీసేశారు. రక్తం ఇంకా పోయి ఉంటే ఇబ్బందయ్యేదన్నారు. ఎవరు కట్టారని అడిగారు. నేనని చెప్పి, బయట గోడ పక్కకు వెళ్లి వాంతి చేసుకున్నాను.

జూలై 19

కట్టు మార్చే పని డాక్టరు నన్ను చేయనిచ్చారు. బావ కళ్లు గట్టిగా మూసుకొని "అయిపోయిందా" అని అడుగుతూనే ఉన్నాడు. నేనింకా మొదలే పెట్టలేదు.

జూలై 23

బోరన్న మామ ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చొని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "ఇప్పుడు వానికి పిల్లనెవురిస్తారు నల్లప్పా" అని నాయనతో అన్నాడు. "చిన్నప్పట్నించి అనుకున్న మాటే కదా. శ్రావణంలో చేసేద్దాం. మన పిల్ల మనింట్లోనే ఉంటాది, వానికీ ఒక తోడు."

కెంచమ్మవ్వ తలూపింది. నాయన నా వైపు చూశాడు. అమ్మ తలుపు దగ్గర నిలబడింది. అందరూ నా వైపు చూస్తున్నారు. చెయ్యి దెబ్బతిన్న మనిషిని కాదనే ఆడది ఎలా ఉంటుందో చూద్దామన్నట్టు.

సరేనన్నాను.

మంచిదే. బావ మంచివాడు. నవ్విస్తాడు. నేను పావగడలోనే ఏదో ఆసుపత్రిలో చేరతాను. సంతోషంగా ఉన్నాను.

జూలై 24

సంతోషంగా ఉన్నాను.

జూలై 26

యుద్ధం అయిపోయిందట. పంచాయతీ దగ్గర పటాకులు కాల్చారు. నేనూ చూడ్డానికి వెళ్లాను. సంతోషంగానే ఉన్నాను.

జూలై 28

పోస్టుమ్యాను వీధి మొదట్లోనే కవరు మీది ముద్ర చూసి, "మంగళవాడ లెఫ్టినెంటమ్మ ఇల్లు ఎవురిదప్పా" అని అరుచుకుంటూ వచ్చాడు. సెలెక్టయ్యాను. పరీక్ష ప్యాసైతే చాలు. చేరేనాటికి పెళ్లి కాకూడదు.

వీధిలో పిల్లలందరూ నా వెంట లెఫ్ట్ రైట్ అంటూ ఇంటి దాకా నడిచారు. నేనూ నవ్వుతూనే నడిచాను. ఇంట్లోకొచ్చి తలుపేసుకున్నాను.

జూలై 29

సంతోషంగా ఉన్నానని ఎన్నిసార్లు రాసినా కాగితం నమ్మడం లేదు.

జూలై 30, శుక్రవారం

ఆసుపత్రికి వెళ్లాను. బావ మంచం మీద కూర్చొని కుడిచేత్తో వేయించిన శెనక్కాయలు వలవడానికి అవస్థ పడుతున్నాడు. నేను వలిచి పెడదామని చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. కాసేపటికి పళ్లతో పగలగొట్టడం కనిపెట్టాడు.

"మా నాయన చెప్పినాడు" అన్నాడు. "నన్ను కట్టుకుంటావంట."

"ఆ."

"ఏడుస్తా చెప్తాండావే."

"ఏడవలేదు. దుమ్ము."

"ఆసుపత్రిలో దుమ్ము యాడిది మే." ఇంకో కాయ పగలగొట్టాడు. "నాకొక లెక్క అర్థం కాలే సంజీవీ. రెండు వేళ్లు పోయిందానికే ఒక పెళ్లామొస్తే, చెయ్యంతా పోయింటే ఎంతమంది వస్తాండిరో."

నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. పక్క మంచం మీద ఉన్న ముసలమ్మ కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే. తర్వాత బావ నవ్వడం ఆపాడు.

"నువ్వంటే నాకు ఇష్టమే. నీకు తెలుసు. తెలీనట్లుంటావు గానీ తెలుసు" అన్నాడు. "అయితే నీళ్లు పడని బోరు మాదిరి నువ్వు మా ఇంట్లో కూచోని ఉంటే, ఆ ముఖం నేను చూడలేను. నువ్వు పో."

"మరి నువ్వు..."

"నేను కాచుకోని ఉంటానని చెప్పను. అట్ల మాట ఇచ్చి కూచునే మనిషిని కాదు నేను. ఇదో, ఈ చేత్తో లారీ స్టీరింగు పట్టుకోను వస్తాదేమో చూడల్ల మొదట. నువ్వు నీ పని చూడు, నేను నా పని చూస్తా. ఆ పైన ఏమో."

 బావ చేతిలోంచి శెనక్కాయలు కొన్ని తీసుకొని తిన్నాను. చాలా బాగున్నాయి. ఇంత బాగా వేగిన శెనక్కాయలు నేనెప్పుడూ తినలేదు.

ఆగస్టు 1, ఆదివారం

ముహూర్తం చూడడానికి మామ వచ్చాడు. ఆయన పంచాంగం తీయకముందే నేను అరుగు మీదికి వెళ్లి నిలబడ్డాను.  ఇంటర్వ్యూలో కూడా ఇంత భయం వేయలేదు.

"మామా, ఆ పొద్దు సరేనన్నాను. తప్పు చెప్పినాను. నేను మిలిటరీకి పోతాను" అన్నాను.

మామ ముఖం నల్లబడింది. "యాడి యాడి మిలిటరీవాళ్లకో కట్లు కడతావు. ఇంటి మనిషికి కట్టను చేతులు రావా నీకు" అన్నాడు. "వాని బతుకు అట్లాయనని వదిలిపెట్టి పోతాండావు."

ఆ మాట గుండెలో గుచ్చుకుంది.  నాయన "బోరన్నా, అట్ల అనద్దప్పా" అన్నాడు. కెంచమ్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు అమ్మ మాట్లాడింది.

జూన్ నుంచి నేను వినని గొంతు. ముందు ఎవరిదో అనుకున్నాను.

"అన్నా, ఆ పొద్దు లారీలో ఓబన్న చెయ్యి నేను పట్టుకోనుంటిని" అంది. "నాకు భయమేసి కండ్లు మూసుకొంటిని. తెరిచినప్పుడల్లా ఇది వాని ముఖమే చూస్తాండె, దీని చేతులు వణకలే. నా కడుపున పుట్టిన పిల్లేనా అనుకొంటి." కొంచెం ఆగింది. "ఆ టీవీలో పెట్టెలు చూసినప్పట్నించి నా బిడ్డకేమైతాదో అనే నాకు భయం. వాటిలో పండుకున్నోళ్లకూ తల్లులుండారు కదా. ఆ పిల్లోళ్ల పక్కన ఇట్లాంటిదొకటి ఉండింటే ఏమో, కొందరన్నా ఇంటికొచ్చిందురు. దాన్ని పోనీ అన్నా. వానికి వంట నేను చేసి పంపిస్తా, నువ్వేం దిగులు పడాకు."

మామ పంచాంగం తీసి, ఒక్క పేజీ కూడా తిప్పకుండా ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత అది మడిచి సంచిలో పెట్టి, "కాఫీ అన్నా ఇస్తావా, అదీ మిలిటరీకేనా" అన్నాడు.

అమ్మ కాఫీ పెట్టడానికి లేచింది. నేను వెనకే పోయాను. అమ్మ పొయ్యి ఊదుతూ, నా వైపు చూడకుండానే, "ఆడ చలికి స్వెట్రు కావల్ల కదా. ఏ రంగు ఇస్తారు" అని అడిగింది.

నేను అమ్మ వీపుకు తల ఆనించి నిలబడ్డాను. పొగ కళ్లలో పడింది. ఈసారి నిజంగానే పొగ.

ఆగస్టు 2

అమ్మ పొద్దున లేచినప్పట్నించి మాట్లాడుతూనే ఉంది. దాచుకున్నదంతా ఒకేసారి. తూము తెరిచిన చెరువులా. ఆపమనే ధైర్యం ఎవరికీ లేదు.

సెప్టెంబరు 6. తుమకూరు

పరీక్షలు. రాయను.

సెప్టెంబరు 20

అయిపోయాయి. దాసమ్మ, నేను చెప్పులు చేత పట్టుకొని వానలో హాస్టలు దాకా పరుగెత్తాం. అది బెంగుళూరులో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం మాట్లాడుకుంది. వచ్చే ఏడు మళ్లీ మిలిటరీకి రాస్తుందట. "అప్పుడు నీకు నేను సెల్యూట్ కొట్టాలంటే ఇప్పుడే చెప్పు, రాయను" అంది.

నవంబరు 18

ఫస్ట్ క్లాసు! ఇద్దరికీ! దాసమ్మకు నాకంటే మూడు మార్కులు ఎక్కువ. వారం దాకా ఇది చెప్పడం ఆపదు.

డిసెంబరు 9. హిందూపురంలో రైలెక్కాక

ఝాన్సీ. నన్ను ఝాన్సీకి వేశారు. ఈ రైలు ఎన్ని రాష్ట్రాలు దాటాలో, మ్యాపులో వేలు పెట్టి చూస్తే వేలికే ఆయాసం వచ్చింది.

పావగడ నుంచి బస్సు నిండా మా వాళ్లే. అమ్మ మూట కట్టి ఇచ్చిన ఊరగాయ జాడీలు చూసి టీసీ ఇది లగేజా, దుకాణమా అన్నాడు. నాయన ప్లాట్‌ఫారం మీద నా పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, దాన్ని కదలనివ్వకపోతే నేను ఆగిపోతానేమో అన్నట్టు. ఆ పెట్టెను పైకెక్కించింది బావ. మూడు వేళ్ల చెయ్యి, ఐదు వేళ్ల చెయ్యి రెండూ వేసి ఎత్తాడు. ఒక మూల జారబోయింది. నేను కదల్లేదు. తనే సర్దుకున్నాడు. లారీ ఇప్పుడు తనే నడుపుతున్నాడట, మామకు తెలియదట.

"కిటికీ తెరుచుకోని కూచోవాకు. రొంప పడతాది" అన్నాడు. అంతే. ఆసుపత్రిలో 'ఆ పైన ఏమో' అన్న మాట మీద ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు.

రైలు కదిలాక చూస్తే కిటికీ తెరిచే ఉంది.

డిసెంబరు 13, సోమవారం. ఝాన్సీ

ఇక్కడి చలి పళ్ల మధ్యకు కూడా దూరుతోంది. రాత్రి ఉన్న స్వెట్టర్లన్నీ వేసుకొని పడుకున్నాను. గదిలో నాతో ఉన్న మలయాళీ అమ్మాయి నన్ను చూసి ఏవో మూటలు అనుకుందట, లేచి కూర్చుంటే కేక పెట్టింది. పొద్దున్నే స్నేహం కుదిరింది.

సంతకాలయ్యాయి. యూనిఫాం ఇచ్చారు. అద్దంలో చూసుకున్నాను, పక్కకు తిరిగి చూసుకున్నాను, వెనక నుంచి ఎలా ఉందో చూడాలని మెడ పట్టేసింది. భుజాల మీద రెండేసి నక్షత్రాలు. ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. మళ్లీ మళ్లీ ముట్టుకున్నాను. నన్నెవరైనా చూసి ఉంటే భుజం నొప్పి అనుకుని ఉంటారు.

వార్డుకు పొమ్మన్నారు. పొడవాటి వరండా. నడుస్తుంటే బూట్లు టకటకమంటున్నాయి. ఆ చప్పుడు నాదేనా అని ఒకసారి ఆగి చూశాను. నాదే. ఎదురుగా ఒక హవల్దారు వస్తున్నాడు. పెద్ద మీసాలు, నాయన ఈడు, ఛాతీ మీద వరసగా పతకాల రిబ్బన్లు. నా దగ్గరికి రాగానే నిటారుగా ఆగి, బూటు నేలకు కొట్టి, సెల్యూట్ చేశాడు.

ఎవరో పెద్ద అధికారి వస్తున్నాడనుకొని గబగబా గోడకు ఒత్తుకొని దారి ఇచ్చి, వెనక్కి తిరిగి చూశాను.

వెనక ఎవరూ లేరు. పొడవాటి వరండా, చివర ఒక కుండీ, కుండీలో బంతిపూలు.

తిరిగి చూస్తే ఆయన చెయ్యి ఇంకా అలాగే కనుబొమ దగ్గర ఉంది. మీసాల కింద పెదవులు వణుకుతున్నాయి, నవ్వు ఆపుకుంటున్నాడు. పొద్దున నేర్పిన సెల్యూట్ నా తలలోంచి ఎగిరిపోయింది. రెండు చేతులూ జోడించి, "నమస్కారమన్నా, బాగుండారా" అన్నాను, మంగళవాడ అరుగు మీద నిలబడినట్టు, శుద్ధ తెలుగులో.

ఆయనకు ఒక్క ముక్కా అర్థమై ఉండదు. అయినా చెయ్యి దించి, హిందీలో "బాగున్నాను మేడం" అన్నాడు. తలుపు తెరిచి పట్టుకున్నాడు. లోపల వరసగా మంచాలు. ఎవరో దాహమని పిలుస్తున్నారు.

లోపలికి వెళ్లాను.